ప్లాట్ల వ్యాపారంపై లైసెన్సు ఫీజు: పురపాలక సంఘం హద్దు ఎక్కడ?

ట్రేడ్ లైసెన్సుల పునరుద్ధరణ గడువు దగ్గర పడినప్పుడల్లా మన చిన్న పట్టణాల్లో ఒక ప్రశ్న మళ్లీ లేస్తుంది. పొన్నూరులో జీబీసీ రోడ్డు వెంట కిరాణా కొట్టు, టిఫిన్ హోటలు, వెల్డింగ్ షాపు, పిండి మర ఏటా పురపాలక సంఘానికి లైసెన్సు ఫీజు కట్టాల్సిందే. ఆ పక్క షట్టరులో ఒక టేబులు, నాలుగు కుర్చీలు వేసుకుని, గోడకు లేఅవుట్ నక్షా తగిలించి లక్షల రూపాయల బేరాలు కుదిర్చే రియల్ ఎస్టేట్ ఆఫీసు మాత్రం ఎందుకు కట్టకూడదు? కడితే ఎంత కట్టాలి? గది వైశాల్యాన్ని బట్టా, జరిగే వ్యాపారాన్ని బట్టా? తెనాలి, బాపట్ల, చిలకలూరిపేట ఎక్కడైనా ఇదే ప్రశ్న. నిధుల కోసం వెతుక్కునే పురపాలక సంఘానికి ఇదొక ఆదాయ మార్గంగా కనిపిస్తుంది. రెరా, జీఎస్టీ, వృత్తి పన్ను ఇప్పటికే ఉన్నాయి, పైన ఇదొక వడ్డనా అని వ్యాపారులు అడుగుతారు. ప్లాటు కొనే మనిషి వైపు నిలబడి ఈ ప్రశ్నను చూసేవారు మాత్రం తక్కువ.

నా వాదన ముందే చెబుతాను. లైసెన్సు అడిగే అధికారం పురపాలక సంఘానికి ఉంది. అయితే అది వ్యాపారం జరిగే చోటు మీద ఉన్న అధికారం. ఆ వ్యాపారం చేసే మనిషి వృత్తి మీద ఉన్నది కాదు. తనిఖీకి, రికార్డుల నిర్వహణకు అయ్యే ఖర్చును మించి వసూలు చేస్తే దానికి ఏ పేరు పెట్టినా అది పన్నే. అలాంటి పన్ను వేసే హక్కును శాసనసభ పట్టణానికి ఇవ్వలేదు. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఈ లైసెన్సు ద్వారా వచ్చే సొమ్ము స్వల్పం. దాని ద్వారా తయారయ్యే రిజిస్టరు, అంటే ఊళ్లో ఎవరు, ఏ వెంచరులో, ఏ అనుమతితో ప్లాట్లు అమ్ముతున్నారన్న వివరం, చాలా విలువైనది. పట్టణాలు సొమ్ము గురించి తర్జనభర్జన పడుతూ రిజిస్టరును వదిలేస్తున్నాయి.

పొన్నూరు 1964లో మునిసిపాలిటీ అయింది. ఆచార్య ఎన్.జి. రంగా పుట్టిన నిడుబ్రోలు ఈ పట్టణంలో కలిసిపోయింది. రైల్వే స్టేషను మాత్రం నేటికీ ఆ పేరుతోనే ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ జనం దాదాపు 60 వేలు. గుంటూరు జిల్లా అనగానే పత్తి, మిర్చి గుర్తుకొస్తాయి గానీ పొన్నూరు చుట్టూ ఉన్నది కృష్ణా డెల్టా మాగాణి. సార్వా వరి కోశాక మినుము, జొన్న, మొక్కజొన్న వేసే నల్ల భూములివి. ఇక్కడ ఎకరం ధరకూ, ఆ ఎకరం పండించే పంట ధరకూ సంబంధం తెగిపోయి చాలాకాలమైంది. 2014లో రాష్ట్ర విభజన, ఆ వెంటే అమరావతి ప్రకటన భూముల ధరలను ఎగదోశాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే బేరాలు చల్లబడ్డాయి. 2024 తర్వాత మళ్లీ ఊపందుకున్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు బాపట్ల వేరే జిల్లా కేంద్రమైంది, పొన్నూరు గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. రెండు జిల్లా కేంద్రాల మధ్య రోడ్డు మీద, తెనాలికి దగ్గరగా ఉన్న ఊరు కావడంతో ప్లాట్ల బేరానికి ఇది అనువైన మజిలీ అయింది.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. వెంచర్లలో చాలా భాగం మునిసిపల్ హద్దు దాటాక, పంచాయతీల పొలాల్లో పడతాయి. ఆఫీసు పట్టణంలో ఉంటుంది. అమ్మేవాడి ఊరు గుంటూరో విజయవాడో కావచ్చు. కొనేవాడు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటాడు. ఇక మధ్యవర్తుల్లో సగం మందికి ఆఫీసే ఉండదు; చేతిలో ఫోను, తిరగడానికి మోటారు సైకిలు ఉంటే సరిపోతుంది. పట్టణ హద్దులో ఉన్న చోటుకు మాత్రమే వర్తించే లైసెన్సు ఈ గొలుసులో ఒక్క లంకెనే పట్టుకోగలదు. ఫీజు ఎంత పెట్టాలన్న చర్చకు దిగేముందు ఈ పరిమితిని గుర్తించాలి.

చోటుకు లైసెన్సు, వృత్తికి కాదు

చట్టం సంగతి చూద్దాం. శాసనాధికారం లేకుండా ఏ పన్నూ వేయకూడదని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతోంది. 74వ సవరణ ద్వారా 1993లో అమల్లోకి వచ్చిన 243ఎక్స్ అధికరణం పురపాలక సంఘాలకు పన్నులు, సుంకాలు, టోల్, ఫీజులు వసూలు చేసే వీలు కల్పించింది. అయితే ఆ వీలు నేరుగా రాజ్యాంగం నుంచి రాదు. రాష్ట్ర శాసనసభ చట్టం చేసి ఏది ఇస్తే అది, ఎంత ఇస్తే అంత. అందుకే కౌన్సిల్ తీర్మానం ఎంత ఏకగ్రీవమైనా దాని వెనుక చట్టంలో ఒక సెక్షను ఉండి తీరాలి. పాలకవర్గం లేనప్పుడు ప్రత్యేకాధికారి చేసే తీర్మానానికీ ఇదే నియమం వర్తిస్తుంది.

ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల చట్టం 1965లో ఈ విషయానికి సంబంధించిన సెక్షను 263. కొన్ని పనులకు లైసెన్సు లేకుండా ఏ చోటునూ వాడకూడదని అది చెబుతుంది. దీని మూలం 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టంలో ఉంది. మునిసిపల్ సిబ్బంది నేటికీ 'డీ అండ్ ఓ' లైసెన్సు అని పిలిచేది దీన్నే. ప్రమాదకరమైనవీ, ఇబ్బంది కలిగించేవీ అయిన వ్యాపారాలని దాని అర్థం. తోళ్లు, బాణసంచా, ఎండుగడ్డి, మిల్లులు, హోటళ్లు వంటి వాటి వల్ల ప్రాణానికో ఆరోగ్యానికో ఇరుగుపొరుగుకో హాని జరగకుండా చూడటం ఆ ఏర్పాటు ఉద్దేశం. ఈ పని పట్టణాల్లో శానిటరీ ఇన్‌స్పెక్టర్ల చేతిలో ఉండటానికి కారణం కూడా అదే. ప్లాట్ల ఆఫీసు నుంచి పొగ రాదు, మురుగు రాదు. అది చేసే హాని, చేస్తే, కాగితం మీద జరుగుతుంది. శానిటరీ ఇన్‌స్పెక్టరు ఆ కాగితాన్ని చదవడు, చదవమని చట్టం అతనికి చెప్పలేదు. జాబితాలో లేని వ్యాపారాన్ని జాబితాలో ఉన్నదానిగా భావించి నోటీసు ఇస్తే, దాన్ని ఎవరైనా హైకోర్టులో సవాలు చేసిన నాడు పట్టణం చేతిలో బలమైన జవాబు ఉండదు.

వృత్తి మీద వేసే పన్ను వేరే గూటిది. అది రాష్ట్ర జాబితాలో 60వ పద్దు. 276వ అధికరణం దానికి గరిష్ఠ పరిమితి పెట్టింది. 1988 నాటి 60వ సవరణ తర్వాత ఒక మనిషి మీద ఏడాదికి 2,500 రూపాయలకు మించకూడదు. మన రాష్ట్రంలో 1987 చట్టంతో ఈ పన్నును రాష్ట్ర ప్రభుత్వమే తీసుకుంది. వాణిజ్య పన్నుల శాఖ వసూలు చేస్తోంది. పక్కనున్న తమిళనాడులో అలా జరగలేదు. అక్కడ వృత్తి పన్నును నేటికీ పంచాయతీలు, మునిసిపాలిటీలు, కార్పొరేషన్లే వసూలు చేసుకుంటున్నాయి. ఒకే మద్రాసు చట్టపు వారసత్వం ఉన్న రెండు రాష్ట్రాలు ఇలా విడిపోయాయి. పొన్నూరు మునిసిపాలిటీ ఒక బ్రోకరు వృత్తి మీద పన్ను అడగలేకపోవడం, కావేరి ఒడ్డున అదే సైజు పట్టణం అడగగలగడం ఈ చరిత్ర ఫలితమే. లైసెన్సు ఫీజు పేరుతో పట్టణం వృత్తి పన్నును దొడ్డిదారిన తెచ్చుకోవాలనుకుంటే 276వ అధికరణం అడ్డు నిలుస్తుంది.

ఫీజుకూ పన్నుకూ గీత ఎక్కడన్నది సుప్రీంకోర్టు 70 ఏళ్లుగా గీస్తూ, సరిదిద్దుతూ వస్తున్న సంగతి. 1954లో శిరూరు మఠం కేసులో ఫీజు అంటే చేసిన సేవకు ప్రతిఫలమని చెప్పింది. 1965 నాటి లిబర్టీ సినిమా కేసు మన ప్రశ్నకు ఇంకా దగ్గరిది. కలకత్తా కార్పొరేషన్ ఒక సినిమా హాలు లైసెన్సు ఫీజును సీట్ల లెక్కకు మార్చడంతో ఏడాదికి 400 రూపాయలున్నది 6,000 అయింది. పేరు లైసెన్సు ఫీజే అయినా ఇది పన్నేనని ధర్మాసనంలో మెజారిటీ తేల్చింది. కలకత్తా చట్టంలో అందుకు అధికారం ఉందని భావించింది కాబట్టి ఆ వసూలు నిలబడింది. అటువంటి అధికారం చట్టంలో లేని పట్టణం అదే పని చేస్తే నిలబడదు. రియల్ ఎస్టేట్ ఆఫీసు ఫీజును ప్లాట్ల సంఖ్యకో వెంచర్ విలువకో ముడిపెట్టాలని ప్రతిపాదించేవారు ముందుగా చదవాల్సిన తీర్పు ఇది.

తర్వాతి తీర్పులు పట్టణాల వైపు కొంత మొగ్గాయి. 1983 నాటి శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసు మన రాష్ట్రానిదే; వ్యవసాయ మార్కెట్ ఫీజు పెంపును వ్యాపారులు సవాలు చేశారు. వసూలైన ఫీజుకూ చేసిన సేవకూ పైసా పైసా లెక్క కుదరనక్కర్లేదు, స్థూలంగా సంబంధం ఉంటే చాలని కోర్టు చెప్పింది. 1985లో కాలికట్ కార్పొరేషన్ కేసులో, కొబ్బరి డొక్కలు నానబెట్టే వ్యాపారం గురించి మాట్లాడుతూ, నియంత్రణ కోసం వేసే లైసెన్సు ఫీజుకు ప్రతిగా ఫలానా సేవ చేశామని చూపనక్కర్లేదని తేల్చింది. 1999లో హైదరాబాద్, సికింద్రాబాద్ హోటల్ యజమానుల సంఘం కేసులో ఇదే సూత్రంతో హైదరాబాద్ కార్పొరేషన్‌ను సమర్థించింది. అయితే నియంత్రణ ఫీజైనా మితిమీరకూడదన్న షరతును కోర్టు ఎన్నడూ వదల్లేదు. వీటి మధ్యలో 1992లో అహ్మదాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ కేసు వచ్చింది. చట్టంలో స్పష్టంగా లేని ఫీజును, ఉందని ఊహించుకుని వసూలు చేయకూడదని అందులో తేలింది. ఈ తీర్పులన్నీ కలిపి చదివితే పొన్నూరుకు వచ్చే సమాధానం సూటిగానే ఉంది: శాసనం స్పష్టంగా చెబితే, ఫీజు మితంగా ఉంటే, నియంత్రణ నిజంగా జరుగుతుంటే లైసెన్సు చెల్లుతుంది. ఈ మూడింటిలో మూడోది మన పట్టణాల్లో చాలా బలహీనం.

వెనుక నియంత్రణ ఉన్న లైసెన్సుకూ, లేని లైసెన్సుకూ తేడాను మిర్చి యార్డు బాగా చూపిస్తుంది. గుంటూరు యార్డులో కమీషన్ ఏజెంటు 1966 నాటి మార్కెట్ల చట్టం కింద లైసెన్సు తీసుకుంటాడు. లైసెన్సు ఇచ్చేది ఎవరో, ఫీజు ఏ నిధికి చేరాలో, ఆ నిధిని దేనికి ఖర్చు పెట్టాలో ఆ చట్టమే చెబుతుంది. తూకంలో మోసం జరిగినా చెల్లింపు ఆగినా రైతు ఫిర్యాదు చేయడానికి ఒక మార్కెట్ కమిటీ ఉంది. ఆ వ్యవస్థలో లోపాలు లేవనను. రైతును అడిగితే గంటసేపు చెబుతాడు. కానీ లైసెన్సుకు ఒక అర్థముంది. ప్లాట్ల మధ్యవర్తికి మునిసిపాలిటీ ఇచ్చే కాగితం వెనుక అలాంటిది ఏమీ లేదు. కొన్నవాడు మోసపోతే ఆ లైసెన్సు చూపించి ఎవరినీ నిలదీయలేడు.

రెరా వచ్చాక మిగిలింది ఏమిటి?

వ్యాపారుల బలమైన వాదన రెరా. 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి నియంత్రణ చట్టం 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. 500 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో 12 సెంట్లకు కాస్త పైన, దాటిన ఏ వెంచరైనా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, అమ్మకూడదు, అడ్వాన్సు తీసుకోకూడదు. కొన్నవారి నుంచి వచ్చే సొమ్ములో 70 శాతాన్ని ఆ ప్రాజెక్టు కోసమే వేరే ఖాతాలో ఉంచాలి. మధ్యవర్తి కూడా 9వ సెక్షను కింద నమోదు కావాలి. ఆ నమోదు మొత్తం రాష్ట్రానికి ఒకటే. ఒక ఏజెంటు పొన్నూరులో ఒకసారి, తెనాలిలో ఒకసారి, మంగళగిరిలో ఒకసారి వ్యాపార అనుమతి అడుక్కోవాల్సి వస్తే ఈ ఒకే నమోదు అన్న ఆలోచనకు అర్థం ఉండదు. 2021 మేలో పశ్చిమ బెంగాల్ రాష్ట్రం రెరాకు సమాంతరంగా చేసుకున్న చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒక రాష్ట్ర శాసనసభే సమాంతర వ్యవస్థ పెట్టకూడదన్నప్పుడు ఒక మునిసిపల్ తీర్మానం ఎలా పెట్టగలదన్నది వారి ప్రశ్న.

ఇందులో సగమే నిజం. రెరా తాను ఇతర చట్టాలకు అదనమే తప్ప వాటిని తొలగించేది కాదని 88వ సెక్షనులో చెప్పుకుంది. ఆఫీసు గదికి, దాని ముందున్న బోర్డుకు, పార్కింగుకు, ఫ్లెక్సీలకు సంబంధించిన మునిసిపల్ నియమాలు రెరా వచ్చిందని పోవు. ఎవరు ఏజెంటుగా పని చేయవచ్చు, ఎంత కమీషన్ తీసుకోవచ్చు, ఏ ప్రాజెక్టు అమ్మవచ్చు అన్న నిర్ణయాలు మాత్రం పట్టణానివి కావు. నిజానికి ఈ హద్దు పట్టణానికి మేలే చేస్తుంది. వెంచరు వేసేవాడి మంచిచెడులు తేల్చే భారం రెరా మీద ఉంది. రెరా నంబరు ఉందా లేదా అని చూసే తేలిక పని పట్టణం చేయగలదు. విజయవాడలో కూర్చున్న రెరా అధికారికి పొన్నూరు శివారు చేలో రాత్రికి రాత్రి పాతిన హద్దురాళ్లు కనిపించవు. వార్డు ప్లానింగ్ కార్యదర్శికి కనిపిస్తాయి.

ఎందుకు కనిపించాలో కూడా చెప్పాలి. మోసం ఎక్కువగా ఒకే వరసలో జరుగుతుంది. మధ్యవర్తి రైతుకు బయానా ఇచ్చి అగ్రిమెంటు రాయించుకుంటాడు. భూమి రైతు పేరు మీదే ఉంటుంది. లేఅవుట్ అనుమతి రాకముందే నక్షా ముద్రించి, రోడ్డు గీతలు పోసి, ప్రీ లాంచ్ అని చెప్పి ప్లాట్లు అమ్ముతాడు. అనుమతి ఉన్న లేఅవుట్‌లో 10 శాతం స్థలం పార్కుకో ఉమ్మడి అవసరాలకో వదలాలి, రోడ్లు, కాలువలు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు అధికారుల వద్ద తనఖా ఉండాలి. అనుమతి లేని వెంచరులో ఇవేవీ ఉండవు. పదేళ్ల తర్వాత ఇల్లు కట్టుకోవడానికి ప్లాను కోసం వెళ్తే మునిసిపాలిటీ కుదరదంటుంది. అప్పుడు క్రమబద్ధీకరణ పథకం వస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2007 చివర్లో ఒకటి వచ్చింది, 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో మరొకటి వచ్చింది. 2020 నియమాల్లో ఉమ్మడి స్థలం వదలని లేఅవుట్లకు ప్లాటు విలువలో 14 శాతం ఆ కొరతకు అపరాధంగా పెట్టారు. కట్టేది ఎవరు? కొన్న ఉద్యోగి, రిటైరైన ఉపాధ్యాయుడు, గల్ఫ్ నుంచి డబ్బు పంపిన కొడుకు. లాభం తీసుకుని వెళ్లిపోయిన వెంచరు యజమాని ఆ 14 శాతంలో ఒక్క రూపాయి కూడా కట్టడు. మన క్రమబద్ధీకరణ విధానాల్లో నన్ను అన్నిటికంటే బాధపెట్టే అన్యాయం ఇదే. అమ్మకం మొదలైన నాడే పట్టణం దగ్గర పేరు, సర్వే నంబరు ఉంటే ఈ భారం మోయాల్సినవాడు తప్పించుకునేవాడు కాదు.

ఇతర దేశాలు గీత ఎలా గీశాయి?

ఫిలిప్పీన్స్ అనుభవం మనకు బాగా పనికొస్తుంది. అక్కడి 1991 స్థానిక ప్రభుత్వ స్మృతి నగరాలకు వ్యాపారాల రాబడిపై పన్ను వేసే అధికారాన్ని చట్టం నిర్ణయించిన పరిమితుల్లో ఇచ్చింది. నియంత్రణ ఫీజు మాత్రం తనిఖీకి, లైసెన్సింగుకు అయ్యే ఖర్చుకు తగ్గట్టే ఉండాలని విడిగా చెప్పింది. వృత్తి నిపుణులు ఏడాదికి గరిష్ఠంగా 300 పెసోలు ఒక చోట కడితే చాలు. దేశంలో ఎక్కడైనా పని చేసుకోవచ్చు, ఇంకే ఊరూ ఆ వృత్తికి ఫీజు అడగకూడదు. 2009లో స్థిరాస్తి బ్రోకర్లను జాతీయ లైసెన్సు ఉన్న వృత్తి నిపుణులుగా చట్టం గుర్తించింది. ప్లాట్లు వేసి అమ్మే సంస్థ వ్యాపారం కిందికి, మధ్యవర్తి వృత్తి కిందికి వచ్చారు. మన చర్చలో ఈ ఇద్దర్నీ ఒకే 'రియల్ ఎస్టేట్' ముద్ర కింద కలిపేయడం వల్ల చాలా గందరగోళం పుడుతోంది. పదెకరాల వెంచరు వేసే కంపెనీకి, రెండు సెంట్ల పాత ఇల్లు అమ్మించి శాతం తీసుకునే ఊరి మధ్యవర్తికి ఒకే ఫీజు వేయడం న్యాయం కాదు.

తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన కాలిఫోర్నియాలో బ్రోకరు అర్హతను రాష్ట్రమే చూస్తుంది. నగరాలు వ్యాపార లైసెన్సు పన్ను వసూలు చేసుకుంటాయి. శాన్‌ఫ్రాన్సిస్కో 2012లో ఓటర్ల ఆమోదంతో స్థిరాస్తి సహా వ్యాపారాల స్థూల రాబడిపై పన్నుకు మళ్లింది. అక్కడ దాన్ని పన్ను అనే పిలుస్తారు, ప్రజల ఓటు తీసుకునే వేస్తారు. ఫీజు అని పిలవాలంటే దానికయ్యే న్యాయమైన ఖర్చును మించకూడదని 2010 నాటి 26వ ప్రతిపాదన కట్టడి చేసింది. నగరానికి డబ్బు కావాలంటే డబ్బు కోసమని చెప్పి అడగాలి. నియంత్రణ పేరుతో అడిగితే నియంత్రణకు అయ్యే ఖర్చే తీసుకోవాలి.

ఇంగ్లండు ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. 2004 గృహ చట్టం కింద స్థానిక సంస్థలు ఇళ్లు అద్దెకిచ్చే యజమానులకు లైసెన్సు తప్పనిసరి చేయవచ్చు. లండన్‌లోని న్యూహామ్ 2013 నుంచి ఆ అధికారాన్ని విస్తృతంగా వాడింది. అద్దెదారుల రక్షణకు అదొక ఆయుధమైంది. కానీ మరో రకం వ్యాపారపు లైసెన్సు ఫీజు సంగతిలో వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్‌పై నడిచిన వ్యాజ్యం 2015లో అక్కడి సుప్రీంకోర్టుకు, 2016లో ఐరోపా న్యాయస్థానానికి చేరింది. దరఖాస్తు పరిశీలనకయ్యే ఖర్చును ముందు తీసుకోవాలి. నిబంధనల అమలుకయ్యే ఖర్చును లైసెన్సు మంజూరైన తర్వాతే తీసుకోవాలన్నది దాని సారాంశం. ఆ తర్వాత అక్కడి కౌన్సిళ్లు ఫీజును రెండు భాగాలుగా విడగొట్టడం అలవాటు చేసుకున్నాయి. అర్హత లేనివాడి దరఖాస్తు తిరస్కరించి మొత్తం ఫీజు మింగేయడం కుదరదు. మన పట్టణాలు ఏ ఖర్చూ లేకుండా అరువు తెచ్చుకోగల పద్ధతి ఇది.

ఈ పోలికలకు ఒక పరిమితి ఉంది. ఆ నగరాల ఖజానాకూ మన మునిసిపాలిటీ ఖజానాకూ పొంతన లేదు. రిజర్వు బ్యాంకు 2022 నవంబరు నివేదిక ప్రకారం మన దేశ పురపాలక సంస్థల రాబడి జాతీయోత్పత్తిలో 1 శాతం దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయింది. బ్రెజిల్‌లో అది 7.4 శాతం, దక్షిణాఫ్రికాలో 6 శాతం. ఆంధ్రప్రదేశ్ 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్నును అద్దె విలువ నుంచి మూలధన విలువకు మార్చింది, దానిపై పట్టణాల్లో నిరసనలు వచ్చాయి. జీఎస్టీతో పాటు వచ్చిన 101వ సవరణ ప్రకటనల పన్నును రాష్ట్ర జాబితా నుంచి తీసేసింది. ఇన్ని దారులు మూసుకుపోయాక లైసెన్సు ఫీజు వైపు కమిషనర్ల చూపు పడటంలో తప్పు పట్టను. కానీ ఆ దారిలో డబ్బు లేదు.

లెక్క వేసి చూద్దాం. ఉదాహరణకు పట్టణంలో 50 రియల్ ఎస్టేట్ ఆఫీసులు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కరి నుంచి ఏటా 5,000 రూపాయలు తీసుకుంటే వచ్చేది రెండున్నర లక్షలు. అదే ఊళ్లో 30 లక్షలకు ఒక స్థలం చేతులు మారితే, రిజిస్ట్రేషన్ సమయంలో కట్టే ఏడున్నర శాతంలో స్థానిక సంస్థకు చెందాల్సిన బదలాయింపు సుంకం ఒకటిన్నర శాతం, అంటే 45 వేలు. అలాంటి ఆరు దస్తావేజులు 50 ఆఫీసుల ఏడాది ఫీజును మించిపోతాయి. ఆ సుంకం సకాలంలో తమ ఖాతాకు చేరడం లేదన్నది పట్టణ సంస్థల పాత ఫిర్యాదు. ఖాళీ స్థలాల పన్ను పరిస్థితి అంతకంటే అధ్వానం. యజమాని ఎక్కడున్నాడో తెలియక, ప్లాటుకు అసెస్‌మెంటు నంబరే లేక ఆ పన్ను ఏళ్ల తరబడి పేరుకుపోతుంది. లైసెన్సు ద్వారా తయారయ్యే రిజిస్టరు ఉంటే కొత్తగా అమ్ముడయ్యే ప్రతి ప్లాటునూ మొదటి ఏడే పన్ను పరిధిలోకి తేవచ్చు. ఫీజు పెంచడం ద్వారా కాక, ఫీజు తగ్గించి అందర్నీ నమోదు చేయించడం ద్వారానే పట్టణానికి ఎక్కువ ఆదాయం వస్తుందని నేను అనేది ఇందుకే.

ఫీజు ఎక్కువైతే జరిగేది కూడా ఊహించడం కష్టం కాదు. గుంటూరు, విజయవాడల్లో ఆఫీసున్న పెద్ద కంపెనీ పొన్నూరులో బోర్డు తీసేసి ఫోను నంబరు మాత్రం వదిలి వెళ్తుంది. చిన్న మధ్యవర్తి షట్టరు మూసి టీ బడ్డీ దగ్గర బేరాలు మాట్లాడతాడు. నిజాయతీగా బోర్డు పెట్టుకున్నవాడు ఒక్కడే ఫీజు కడతాడు. కట్టినదాన్ని కమీషన్‌లో కలుపుకుంటాడు కాబట్టి చివరికి భారం కొన్నవాడిదే.

కాబట్టి పట్టణానికి ఇవ్వాల్సిన అధికారం ఏ రూపంలో ఉండాలో స్పష్టంగా రాయాలి. మొదట రాష్ట్ర ప్రభుత్వం 1965 చట్టంలో స్థిరాస్తి కార్యాలయాలను పేరు పెట్టి చేర్చాలి. అది లేకుండా పట్టణాలను కోర్టు మెట్లు ఎక్కించడం సరికాదు. ఆ సవరణలో రెండు తరగతులు వేరు చేయాలి: ప్లాట్లు వేసి అమ్మే సంస్థ, మధ్యవర్తి. మధ్యవర్తికి రెరా నమోదు ఉంటే పట్టణ లైసెన్సు దరఖాస్తు చేసిన వెంటనే రావాలి, ఫీజు నామమాత్రంగా ఉండాలి. సంస్థకు ఫీజు రెండు విడతలుగా ఉండాలి. రెండో విడత సొమ్ము లేఅవుట్ల తనిఖీకి తప్ప మరి దేనికీ మళ్లించకూడదు. ఈ బాధ్యతను శానిటరీ విభాగం నుంచి తీసి టౌన్ ప్లానింగ్ విభాగానికి అప్పగించాలి. ఆఫీసులో గోడకు వేలాడే నక్షా పక్కనే లేఅవుట్ అనుమతి నంబరు, రెరా నంబరు, సర్వే నంబర్లు, ఆ సర్వే నంబర్లు రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షను నిషేధిత జాబితాలో లేవన్న ధ్రువీకరణ కనిపించాలి. ప్రకటనలో రెరా నమోదు నంబరు, వెబ్‌సైటు చిరునామా ఉండాలని 11వ సెక్షను ఇప్పటికే చెబుతోంది. అవి లేని ఫ్లెక్సీని తొలగించడానికి పట్టణానికి కొత్త చట్టం అవసరం లేదు, రేపే మొదలుపెట్టవచ్చు.

మిగిలిన చిక్కు హద్దు అవతలి పొలాలది. పంచాయతీ పరిధిలో పడే వెంచర్లను మునిసిపల్ లైసెన్సు తాకలేదు. పట్టణం, చుట్టుపక్కల పంచాయతీలు, పట్టణాభివృద్ధి సంస్థ, సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఒకే రిజిస్టరును పంచుకుంటే తప్ప కొన్నవాడికి పూర్తి వివరం అందదు. దస్తావేజు రాయించుకోవడానికి వచ్చిన మనిషి, బయానా ఇవ్వకముందే, వార్డు సచివాలయంలో సర్వే నంబరు చెప్పి ఆ వెంచరు వివరాలు ఉచితంగా చూసుకునే ఏర్పాటు ఉండాలి. ఆ ఏర్పాటు సిద్ధమయ్యేదాకా రియల్ ఎస్టేట్ ఆఫీసుల ఫీజు పెంచే ప్రతిపాదనలను ఏ పట్టణమైనా పక్కన పెట్టడం మంచిది.